చవక చైనా ఫౌంటెన్ పెన్నులు: కొనడం, దారికి తెచ్చుకోవడం, వాడుకోవడం

చైనా నుంచి వచ్చే చవక ఫౌంటెన్ పెన్ను పెట్టె తెరిచిన క్షణం నుంచే చక్కగా రాస్తుందని ఆశించినవారు సాధారణంగా వారం తిరగకముందే దాన్ని సొరుగులో పడేస్తారు. నిజానికి అది ముప్పాతిక వంతు మాత్రమే తయారైన వస్తువు. పాళీని భూతద్దం కింద చూసి సరిచేయడం, ఇంకు పోసి రాసి చూడడం, లోపల మిగిలిన నూనెజిడ్డును కడగడం వంటి చివరి పనులు మనిషి చేతితో, ఓపికగా చేయవలసినవి. ఆ పనులను కుదించుకోవడం వల్ల కూడా ఆ వెల సాధ్యమవుతోంది. మిగిలిన పావు వంతు పనిని మనమే చేసుకోగలిగితే, వెయ్యి రూపాయల లోపు పెన్ను ఏళ్ల తరబడి నమ్మకంగా రాస్తుంది. ఈ వ్యాసమంతా ఆ పావు వంతు పని గురించే.

నేను ఉండేది పర్లాకిమిడిలో. పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటువైపు చేరింది కనుక, ఇంట్లో తెలుగు, కార్యాలయంలో ఒడియా, బ్యాంకులో ఇంగ్లీషు రాసే చేతులు ఇక్కడ మామూలే. ఇది పెన్నుకు సంబంధం లేని విషయంలా కనిపించవచ్చు గాని, ఎంతో సంబంధం ఉంది. తెలుగు, ఒడియా రెండూ గుండ్రని లిపులు. తాటాకు మీద ఘంటంతో సూటి గీతలు గీస్తే ఆకు ఈనె వెంబడి చీలుతుంది కాబట్టి అక్షరాలు వంపు తిరిగాయని పెద్దలు చెప్పే కారణం రెండింటికీ వర్తిస్తుంది. గుండ్రని అక్షరంలో పాళీ నాలుగు దిక్కులకూ తిరగాలి. కిందికి, కుడివైపుకు మాత్రమే నునుపుగా నడిచే పాళీతో ఇంగ్లీషు ఎలాగో నెట్టుకురావచ్చు, ‘ఝ’ మాత్రం రాయలేము.

ఏం కూడబెట్టాలి

మొదట్లో నేను రంగులు కూడబెట్టాను. ఒకే నమూనాలో ఎరుపు, నీలం, పసుపు, పారదర్శకం అంటూ పదకొండు పెన్నులు కొన్నాక, అన్నీ ఒకే తీరుగా రాస్తున్నాయనీ, అన్నింటిలోనూ ఒకే లోపం ఉందనీ తెలిసింది. కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా ఏమిటంటే, పెన్నులను ఇంకు నింపుకునే పద్ధతిని బట్టి పోగుచేయండి. ఒక్కొక్క పద్ధతికి ఒక్కొక్క పెన్ను చొప్పున ఆరు చాలు. ఫౌంటెన్ పెన్ను చరిత్రలో వచ్చిన ముఖ్యమైన ఉపాయాలన్నీ ఆ ఆరింటిలో మీ బల్ల మీదికి వస్తాయి, అదీ ఒక మంచి ఐరోపా పెన్ను ఖరీదులో చిన్న భాగానికే.

మొదటిది, నొక్కి వదిలితే ఇంకు పీల్చుకునే నొక్కుడు గొట్టం ఉన్న హీరో 616 లేదా 329. షాంఘైలో 1931లో మొదలైన కర్మాగారం నుంచి ఎదిగిన హీరో పేరు మన నడివయసువారందరికీ తెలిసినదే. పరీక్ష పాసైన పిల్లవాడికి మేనమామ తెచ్చే బహుమతుల్లో ఒకప్పుడు దాని స్థానం ప్రత్యేకం. అమెరికాలో 1941లో మార్కెట్‌లోకి వచ్చిన పార్కర్ 51కు దీటుగా 1950ల చివర హీరో 100 తయారైంది. పాళీ దాదాపు అంతా ముసుగు కింద దాగి, మొన మాత్రమే బయటికి కనిపించే ఆ రూపమే 616లోనూ, 329లోనూ కొనసాగింది. ముసుగు వల్ల పాళీ త్వరగా ఆరిపోదు, కోస్తా వేసవిలో అది చిన్న గుణం కాదు.

రెండవది కన్వర్టర్‌తో, అంటే పెన్నులో అమర్చి ఇంకు పీల్చుకునే, విడిగా ఊడివచ్చే చిన్న గొట్టంతో నడిచే జిన్‌హావో. బరువు నచ్చేవారికి ఇత్తడి ఒడలు ఉన్న ఎక్స్450, తేలికదనం కావలసినవారికి 82 బాగుంటాయి. మూడవది వెనక మరను తిప్పితే ఇంకు పీల్చుకునే వింగ్ సంగ్ 698 లేదా 3008. నాలుగవది వింగ్ సంగ్ 601. చూడడానికి హీరోలాగానే ఉన్నా, దాని వెనక చిన్న మూత కింద ఒక బొత్తాం ఉంటుంది, దాన్ని పదేపదే నొక్కితే పంపులాగా ఇంకు ఎక్కుతుంది. అయిదవది ఒక్క తోపుతో శూన్యం ఏర్పరచి ఇంకును లాక్కునే వింగ్ సంగ్ 699 లేదా పెన్‌బీబీఎస్ 456. వీటి వెల మాత్రం మిగతావాటి కంటే ఎక్కువ. ఆరవది డ్రాపర్‌తో నేరుగా ఒడలిలోనే ఇంకు పోసుకునే మూన్‌మ్యాన్ ఎమ్2 లేదా సీ1. ఈ సంస్థ ఇప్పుడు మాజాన్ అన్న పేరుతో అమ్ముతోంది కనుక రెండు పేర్లతోనూ వెతకాలి. రాజమహేంద్రవరంలో చేతితో కడసాన పట్టిన ఎబొనైట్ పెన్నులు మన ఇళ్లలో ఉండేవి కాబట్టి ఈ ఆరవ పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. మా నాన్నగారి పెన్ను అటువంటిదే, ఇప్పటికీ రాస్తుంది.

వీటిలో చాలావాటి రూపం జపాను, జర్మనీ, అమెరికా పెన్నులను పోలి ఉంటుందన్నది దాచవలసిన సంగతి కాదు. జిన్‌హావో 159 చూస్తే జర్మనీవారి మోంట్‌బ్లాంక్ 149 గుర్తుకు వస్తుంది. పోలిక వరకు నాకు అభ్యంతరం లేదు. వేరొకరి పేరును, ముద్రను చెక్కి అమ్మే నకిలీని మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనను.

కొనేటప్పుడు చూడవలసినవి

2020 నవంబరు 24న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 43 యాప్‌లలో అలీఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. అందువల్ల నేరుగా చైనా అంగడి నుంచి తెప్పించుకునే పాత దారి మూసుకుపోయింది. ఇక్కడి ఆన్‌లైన్ అంగళ్లలోనూ, పెన్నులు మాత్రమే అమ్మే మన దేశపు దుకాణాల్లోనూ కొనాలి. వెల కొంత పెరిగినా, పాళీ వంకరగా వస్తే వెనక్కి పంపే వీలుంటుంది. ఆ వీలు లేని చోట కొనకపోవడం మేలు.

వివరాలు చదివేటప్పుడు మూడింటిని విడిచిపెట్టకండి. ఒకటి పాళీ వెడల్పు. చైనా పాళీల మీద 0.38, 0.5, 0.7 అని మిల్లీమీటర్లలో రాస్తారు. 0.38 చాలా సన్నం. ‘స్వాతంత్ర్యం’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ వంటి మాటల్లో వత్తు కింద వత్తు పడినప్పుడు దాని విలువ తెలుస్తుంది. అయితే కాగితం నాసిగా ఉంటే అదే పాళీ పీచును గోకి తెస్తుంది. రోజంతా రాసేవారికి 0.5 సుఖం. 0.7తో ఇరుకు గీతల పుస్తకంలో తెలుగు రాస్తే వత్తులు ముద్దలవుతాయి.

రెండవది పాళీ మీద ఉండే ‘18కెజిపి’ అన్న చెక్కడం. అది 18 క్యారెట్ల బంగారం కాదు, ఉక్కు పాళీకి వేసిన బంగారు పూత. ఈ వెలలో ఉక్కే ఉంటుంది, ఉక్కు రాతకు ఏ మాత్రం తక్కువ కాదు కూడా.

మూడవది కన్వర్టర్ నోటి కొలత. ఇవి ముఖ్యంగా రెండు రకాలు: లోపలి నోరు 2.6 మిల్లీమీటర్లు ఉన్నది, 3.4 మిల్లీమీటర్లు ఉన్నది. జిన్‌హావోలలో ఎక్కువ మొదటి రకానికి, వింగ్ సంగ్, హీరోల కన్వర్టర్ పెన్నులలో చాలావరకు రెండవ రకానికి చెందుతాయి. ఒకదానిది మరొకదానికి పెడితే వదులై కారుతుంది, లేదా నోరు పగులుతుంది. విడిగా కన్వర్టర్ కొనేటప్పుడు పాతదాన్ని పక్కన పెట్టుకుని చూడండి.

హీరో 616కు నకిలీలు విపరీతం. రథయాత్ర సంతలో ఒక దుకాణంలో నేను అరడజను కొన్నాను. వాటిలో రెండు రాశాయి, రెండు కారాయి, మిగిలిన రెండింటి నొక్కుడు గొట్టం తాకితేనే చిట్లింది. క్లిప్పు మీది అక్షరాలు చెదిరి ఉన్నా, మూత పెట్టినప్పుడు గట్టిగా కూర్చోకుండా గిరగిరా తిరిగినా వదిలేయండి.

వచ్చిన రోజు చేయవలసిన పరీక్ష

ఇంకు పోయకముందే పరీక్ష పూర్తి కావాలి, ఎందుకంటే ఇంకు తగిలిన పెన్నును వెనక్కి తీసుకోరు. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఒకటి ఉంటే చాలు. నగల పనివారు కంటికి పెట్టుకునేది మరీ మంచిది. పాళీ మొనను కంటికి ఎదురుగా పట్టుకుని, చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలు ఒకే ఎత్తులో ఉన్నాయేమో చూడండి. తరువాత పాళీని వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే, మధ్య రంధ్రం దగ్గర కాస్త వెడల్పుగా మొదలై మొన దగ్గర దాదాపు కలిసిపోయే సన్నని వెలుగు గీత కనిపించాలి. మొన దగ్గర వెడల్పుగా ఉంటే పెన్ను ఇంకు కక్కుతుంది. అసలు వెలుగే కనిపించకపోతే ఎండిపోయినట్టు రాస్తుంది.

మూతకూ ఒక పరీక్ష ఉంది, దీన్ని ఎవరూ చేయరు. మూతను శుభ్రంగా కడిగి, తెరిచిన వైపు పెదవులకు ఆనించి ఊదండి. గాలి బయటికి పోతుంటే ఆ మూత కింద పాళీ ఆరిపోతుంది, మరునాడు ఉదయం మొదటి అక్షరం పడదు. లోపలి మూత అంచు చుట్టూ గానీ, క్లిప్పు చొచ్చుకుపోయిన సందులో గానీ లోపలి నుంచి ఒక బొట్టు తేనెమైనం కరిగించి పూస్తే చాలాసార్లు సరిపోతుంది. పసిపిల్లలున్న ఇంట్లో మూతకు రంధ్రం ఉండడమే క్షేమం కనుక అక్కడ ఈ పని చేయకండి. జిన్‌హావో 992 అయితే మూత పెదవి దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయన్న పేరుంది. దాన్ని దీపం ముందు తిప్పి చూడాలి, ఎప్పుడూ బిగించి మూయకూడదు.

కడగడం

కొత్త పెన్ను సరిగా రాయకపోవడానికి సగం కారణం లోపలి జిడ్డే. అచ్చుల నుంచి ప్లాస్టిక్ భాగాలు ఊడి రావడానికి వాడే జిడ్డు ఫీడ్ కాలువల్లోనూ, కన్వర్టర్ గోడల మీదా మిగిలిపోతుంది. పాళీ కింద ఉండే ఆ నల్లని ఫీడ్ సన్నని కాలువల ద్వారా ఇంకును మొనకు చేరుస్తుంది కాబట్టి, జిడ్డు ఉన్న చోట నీటిలాంటి ఇంకు నిలవకుండా జారిపోతుంది. ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం ఒకటి రెండు చుక్కలు కలిపి, పాళీని ముంచి, కన్వర్టర్‌తో పదిహేను ఇరవై సార్లు పీల్చి వదలండి. ఆ తరువాత సబ్బు ఆనవాలు పోయేదాకా మంచినీటితో అదే పని చేయండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉన్న ఇళ్లలో చివరి రెండు సార్లు ఆర్వో నీటితో గానీ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో గానీ కడగాలి, లేకుంటే ఫీడ్ కాలువల్లో తెల్లని పొర కడుతుంది.

కాగే నీళ్లు వద్దు, ఫీడ్ వంగిపోతుంది. స్పిరిట్, గోళ్ల రంగు తుడిచే ద్రవం అసలే వద్దు. పారదర్శక ప్లాస్టిక్ తెల్లబడి పగులుతుంది. ఈ రెండవ పాఠం నాకు ఒక 698ను బలిచ్చాక వచ్చింది.

కన్వర్టర్‌లో ఇంకు పైభాగానికే అంటుకుని, పాళీ వైపు గాలి మిగిలి, నిండుగా ఉన్నా పెన్ను ఆగిపోతూ ఉంటే దానికీ మందు ఈ సబ్బునీళ్లే.

పాళీని దారికి తేవడం

మొత్తం పనిలో సమయం వెచ్చించవలసింది ఇక్కడ. పాళీ గీరుతోందంటే వెంటనే గరుకు కాగితం మీద రుద్దేవారు ఎక్కువమంది ఉన్నారు. వారిలో నేనూ ఒకడిని. తొంభై పాళ్లు ఆ అవసరం ఉండదు. గీరడానికి అసలు కారణం రెక్కలు ఎగుడుదిగుడుగా ఉండడం, అది వేలిగోటితో సరిచేయదగినది.

ముందుగా లోపం ఎటువైపు ఉందో కనిపెట్టండి. పెన్నును మామూలుగా పట్టుకుని, చేతి బరువు తప్ప వేరే ఒత్తిడి లేకుండా, కుడికి, ఎడమకు, పైకి, కిందికి విడివిడిగా గీతలు గీయండి. కుడివైపు గీసినప్పుడు మాత్రమే గీరుతుంటే, రాసేవారి చూపులో ఎడమ రెక్క కాగితం వైపుకు దిగి ఉన్నట్టు. దాని లోపలి అంచు ముందుండి కాగితాన్ని పట్టుకుంటోంది. ఎడమకు గీసినప్పుడు గీరితే కుడి రెక్క దిగినట్టు. పైకి ఉన్న రెక్కను వేలిగోటితో ఫీడ్ వైపు మెల్లగా నొక్కి, రెండు లెక్కపెట్టి వదిలి, మళ్లీ భూతద్దంతో చూడండి. ఒక్క నొక్కుకు కదలదు. అయిదారు చిన్న నొక్కులు నయం, ఒక్క పెద్ద నొక్కు ప్రమాదం. హీరో వంటి ముసుగు పాళీలకు మొన మాత్రమే అందుతుంది కాబట్టి ఇంకా నిదానం కావాలి.

ఇంకు తక్కువగా దిగుతుంటే 0.05 మిల్లీమీటరు మందం ఉన్న ఇత్తడి రేకు ముక్కను మధ్య రంధ్రం దగ్గర చీలికలో దూర్చి, మొన వైపుకు మూడు నాలుగు సార్లు నడపండి. ఇరుక్కున్న పీచు, ఎండిన ఇంకు బయటికి వస్తాయి, చీలిక వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. బ్లేడుతో ఈ పని చేయరాదు, చీలిక లోపలి గోడలు గీసుకుపోతాయి. ఇంకు ఎక్కువగా దిగితే రెండు రెక్కలనూ పక్కల నుంచి వేళ్లతో దగ్గరికి నొక్కాలి.

రెక్కలు సమంగా ఉండి, భూతద్దంలో ఏ తేడా కనిపించక, అయినా అన్ని దిక్కులకూ గరగరలాడుతుంటే అప్పుడు మాత్రమే నునుపు చేయడం గురించి ఆలోచించండి. గోళ్లకు మెరుగు పెట్టే పట్టీలో అన్నిటికంటే నున్నని వైపు, లేదా మైక్రోమెష్ అనే మెరుగు పెట్టే పట్టీలో 12,000 నంబరుది సరిపోతుంది. పాళీలో ఇంకు ఉంచే, దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో పది చుట్లు తిప్పి, తుడిచి, కాగితం మీద రాసి చూడాలి. మా ఊరు కొమ్ము పనికి పేరున్నది. నా పెన్నుల స్టాండు చేసిపెట్టిన పనివాడు, నేను పాళీని నొక్కి రుద్దుతుండగా చూసి, తాను కొమ్ముకు మెరుగు పెట్టేటప్పుడు చేతి బరువును కూడా సగమే వదులుతానని చెప్పాడు. అది విన్నాకే నా పాళీలు చెడిపోవడం ఆగింది. అతిగా నునుపు చేస్తే చీలిక లోపలి అంచులు గుండ్రబడి, ఇంకు కాగితానికి తగలకుండా లోపలే ఆగిపోతుంది. ప్రతి మాటలోనూ మొదటి గీత తప్పిపోతుంటే అదే జరిగిందని గ్రహించాలి.

పరీక్షకు ‘ఠ’, ‘థ’, ‘ఝ’, ‘ఋ’, ‘ఱ’ వరసగా ఇరవై సార్లు రాయండి. ఒడియా వచ్చినవారు ఆ అక్షరాల తల మీది గొడుగు వంపులను కూడా ఒక వరస గీస్తే, పైకి ఎక్కి కుడికి దిగే కదలికలో లోపం ఉంటే వెంటనే బయటపడుతుంది.

ఏ పద్ధతిలో ఇంకు ఎలా నింపాలి

నొక్కుడు గొట్టంలో సన్నని గాలి గొట్టం ఒకటి ఉంటుంది కాబట్టి ఒక్కసారి నొక్కితే నిండదు. పాళీని పూర్తిగా ముంచి, రేకును నొక్కి వదిలి, మూడు సెకన్లు ఆగి, మళ్లీ నొక్కి, అలా అయిదారు సార్లు చేయాలి. ఆగకుండా టపటపా నొక్కితే ఎక్కిన ఇంకే మళ్లీ సీసాలోకి పోతుంది. 601కి ఎనిమిది నుంచి పది సార్లు బొత్తాం నొక్కవలసి ఉంటుంది. కన్వర్టర్‌కూ, 698 వంటి వాటికీ తిప్పడమే పని. నింపాక రెండు మూడు చుక్కలు వెనక్కి వదిలి, పాళీ పైకి పెట్టి, మిగిలిన కొద్దిపాటి గాలిని పీల్చుకుంటే కారడం తగ్గుతుంది.

699ను మొదటిసారి నింపినప్పుడు నాకు చిన్నపిల్లవాడి సంబరం కలిగింది. వెనక మరను వదులు చేసి కడ్డీని పూర్తిగా బయటికి లాగి, పాళీని ఇంకులో ముంచి, ఒక్క ఊపున లోపలికి తోయాలి. కడ్డీ కొన వెనక శూన్యం పెరుగుతూ పోయి, చివరన గొట్టం వెడల్పయ్యే చోటికి రాగానే ఆ బిగువు తెగి, ఇంకు ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. ఆ రెండు సెకన్లు పాళీని బయటికి తీయకండి. వెనక మరను పూర్తిగా బిగిస్తే ఇంకు దారి మూసుకుంటుంది, ఇది ప్రయాణానికి మంచిది. పేజీల కొద్దీ రాసేటప్పుడు మాత్రం ఆ మరను రెండు మిల్లీమీటర్లు వదులు చేసుకోవాలి. ఈ సంగతి తెలియక పెన్ను చెడిపోయిందని తిప్పి పంపినవారు నాకు తెలుసు.

డ్రాపర్ పెన్నుకు ఒడలు బిగించే మరచుట్ల మీద సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. వాహనాలకు వేసే గ్రీజు గానీ వ్యాసిలిన్ గానీ పనికిరావు, అవి రబ్బరు వలయాన్ని ఉబ్బిస్తాయి. ఇంకు మూడో వంతుకు దిగగానే మళ్లీ నింపండి. ఖాళీ పెరిగిన కొద్దీ లోపలి గాలి అరచేతి వేడికి వ్యాకోచించి, ఇంకును ముందుకు నెట్టి, కాగితం మీద బొట్టుగా కక్కిస్తుంది.

ఇంకు, కాగితం

రోజువారీ పనికి కామ్లిన్, బ్రిల్, సులేఖ వంటి మన ఇంకులు చాలు. స్వదేశీ ఉద్యమ కాలంలో, 1934లో, బెంగాల్‌లో పుట్టిన సులేఖ రంగులు నాకు ప్రత్యేకంగా నచ్చుతాయి. కొత్త పెన్నును మొదటి నెల మామూలు నీలి ఇంకుతోనే పరీక్షించండి, కడిగితే పోతుంది.

బొమ్మలు గీసే నల్లని ఇంకును మాత్రం పోయకండి. ఇంగ్లీషువారు ఇండియన్ ఇంకు అనేదాన్నే ఫ్రెంచివారు చైనా ఇంకు అంటారు. రెండు దేశాల పేర్లూ మోస్తున్న ఆ మసి ఇంకులో లక్క వంటి బంక ఉంటుంది కాబట్టి, ఒక్క రాత్రిలో ఫీడ్‌ను రాయి చేస్తుంది. స్టాంపు ప్యాడు ఇంకు, ప్రింటరు ఇంకు కూడా అంతే.

నీటికి చెదరని రాత కావలసినవారి సంగతి వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు, నా నోటు పుస్తకాల అర తడిసింది. మామూలు నీలి ఇంకుతో రాసిన పదేళ్ల లెక్కలు లేత మబ్బు రంగు మరకలయ్యాయి. నీలి నలుపు ఐరన్ గాల్ ఇంకుతో రాసిన ఒక్క పుస్తకం చెక్కుచెదరలేదు. మాచికాయల సారానికి ఇనుప లవణం కలిపి చేసే ఈ రకం ఇంకు కాగితం మీద గాలి తగిలి నల్లబడి, పీచులో కలిసిపోతుంది. అయితే అది ఆమ్ల స్వభావం కలది. చవక పాళీల పూతను తింటుంది కాబట్టి మూడు నాలుగు వారాలకు ఒకసారి పెన్ను కడగవలసిందే. భూమి కాగితాలు, దరఖాస్తులు, ఇంటి లెక్కలు దీనితో రాయడం మంచిది. అలాంటి ఇంకుకు వెల తక్కువ పెన్నును కేటాయించడంలో చవక పెన్నుల ప్రయోజనం బాగా తెలుస్తుంది.

కాగితం విషయం క్లుప్తంగా చెబుతాను. రాయగడ దగ్గర జేకేపూర్ మిల్లులో తయారయ్యే కాపియర్ కాగితం 75 జీఎస్ఎం రకం 0.38, 0.5 పాళీలకు ఫరవాలేదు. వానాకాలంలో అదే కాగితం తేమ పీల్చుకుని మెత్తబడి, అక్షరాల అంచులకు మీసాలు మొలిపిస్తుంది. ఆ నాలుగు నెలలు కట్టను ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఉంచండి. బడి పిల్లల నోటు పుస్తకాల్లో ఏది మంచిదో అట్ట చూసి చెప్పలేము, చివరి పేజీ మీద ఒక గీత గీసి వెనక తిప్పి చూడడమే మార్గం.

ఈ ప్రాంతపు వాతావరణంలో వాడకం

పార్వతీపురం వైపు నుంచి కొరాపుట్‌కు ఘాటు రోడ్డు ఎక్కేవారు ఒక జాగ్రత్త పాటించాలి. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి చేరేసరికి బయటి గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తగ్గుతుంది, పెన్ను లోపలి గాలి ఆ మేరకు ఉబ్బి ఇంకును తోస్తుంది. సగం నిండిన డ్రాపర్ పెన్నును జేబులో పెట్టుకుని జయపురం పెళ్లికి వెళ్లిన నా తెల్ల చొక్కా ఇందుకు సాక్ష్యం. పూర్తిగా నింపి గానీ, పూర్తిగా ఖాళీ చేసి గానీ, పాళీ పైకి ఉండేలా తీసుకెళ్లండి. 699 అయితే వెనక మర బిగించి నిశ్చింతగా ఉండవచ్చు.

వేసవిలో బండి సీటు కింద డబ్బాలో పెన్ను వదలకండి. పాళీ ఆరిపోతే నీటిలో మొన తాకించి, పాత గుడ్డకు అద్దితే మళ్లీ పారుతుంది. వానాకాలంలో ఇంకు సీసా మూత తీసినప్పుడు పైన తెట్టు కట్టినా, పుల్లతో కలిపితే జిగురు తీగలా సాగినా, ముక్క వాసన వచ్చినా అది బూజు. ఆ సీసాను పారబోయండి, దానితో నింపిన పెన్నులన్నింటినీ విప్పి కడగండి. వడగట్టి వాడుకుందామన్న పొదుపు బుద్ధి ఒక సీసాతో పోయే నష్టాన్ని ఆరు పెన్నులకు పాకిస్తుంది. నింపడానికి పెద్ద సీసాలో పాళీ ముంచకుండా, అవసరమైనంత చిన్న సీసాలోకి వంచుకుంటే ఈ బెడద చాలావరకు రాదు.

పిల్లలకు ఇచ్చేటప్పుడు

గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు కనుక, ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29 నాటికి నేను నాలుగైదు పెన్నులు సరిచేసి తెలిసిన పిల్లలకు ఇస్తుంటాను. వారికి 0.5 పాళీ, తేలిక ఒడలు, కన్వర్టర్ ఉన్నదే ఇవ్వాలి. బాల్ పెన్నుకు అలవాటుపడిన చేయి కాగితాన్ని నొక్కుతుంది. పెన్నును కాస్త పడుకోబెట్టి, నొక్కకుండా రాయమని వారం రోజులు పక్కన కూర్చుని చెప్పకపోతే, రెక్కలు విచ్చుకున్న పాళీతో తిరిగి వస్తారు. జిన్‌హావో ఎక్స్450, 159 వంటి వాటికి వాడే 6వ నంబరు పాళీలు విడిగా దొరుకుతాయి. పాళీని, ఫీడ్‌ను కలిపి రబ్బరు ముక్కతో పట్టుకుని, తిప్పకుండా తిన్నగా లాగితే ఊడివస్తాయి. కొత్త పాళీని ఫీడ్ మీద అమర్చి, పాత లోతుకే తోయాలి.

దాచుకోవడం

వాడని పెన్నును ఇంకుతో దాచకూడదు. కడిగి, పాళీ కిందికి ఉండేలా మడిచిన గుడ్డ మీద ఒక రాత్రి నిలబెడితే ఫీడ్‌లో మిగిలిన నీరు గుడ్డ పీల్చుకుంటుంది. పూర్తిగా ఆరాక గుడ్డ సంచిలో, మందు సీసాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి వేసి పెట్టండి. హీరోల నొక్కుడు గొట్టాన్ని ఆరు నెలలకు ఒకసారి నీళ్లతో నాలుగు సార్లు నొక్కి వదిలితే బిరుసెక్కదు. 698, 3008లలో ఇంకును పీల్చే లోపలి బిరడా కదలడం బరువైతే సిలికాన్ గ్రీజు ఆవగింజంత చాలు.

ఒక నోటు పుస్తకంలో పెన్నుకు ఒక పేజీ కేటాయించి, కొన్న తేదీ, వెల, పాళీ కొలత, కన్వర్టర్ నోరు, చేసిన సవరణ, పోసిన ఇంకు రాసుకోండి. ఆ పేజీని ఆ పెన్నుతోనే రాయాలి. నా పుస్తకంలో పదకొండో పేజీ సగంలో ఆగిపోయి ఉంటుంది. అది స్పిరిట్‌తో పాడైన 698 పేజీ. మిగతా సగాన్ని తరువాత కొన్న 698తో పూర్తిచేద్దామనుకుని, దాని పాళీ ఇంకా కుడివైపు గీరుతుండడం వల్ల ఆపాను.